మాస్కు తీసి అడగండి

జూన్ 3, సోమవారం

ఇది నాకోసం నేను చెప్పుకుంటున్నది. నోరు నాది, చెయ్యి నా కోడలిది. నాకు అక్షరం ముక్క రాదు కాబట్టి రాసింది రాసినట్టు మళ్ళీ నాకు చదివి వినిపించాలి. తన గురించి ఏమన్నా పడితే అది కూడా మానకుండా రాయాలి. మొహం చిట్లించింది. అది కూడా రాయమన్నాను.

మా ఆయన మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. సర్కారు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. ఎముక అతుక్కుంటోంది, కుట్లు ఆరాయి, అంతవరకు వాళ్ళకి దండం పెడతాను. ఆ తర్వాతే కొత్త పాట అందుకున్నారు. మీ ఆయనకి మతి పోయింది, ఏం చెప్పినా ఎక్కడం లేదు, నడిపిద్దామంటే చెప్పినట్టు చెయ్యడు, ఇంట్లో చూసుకోవడం మీ వల్ల కాదు అంటున్నారు. మతిమరుపు వాళ్ళని ఉంచే నిలయం ఒకటి ఉందట, అందులో ఒక మంచం ఖాళీ అవుతోందట, వచ్చే వారం బుధవారం అందరూ కూర్చుని పంపించే సంగతి తేలుస్తారట. అక్కడికి పోయినవాళ్ళు తిరిగి ఇంటికి వచ్చింది తను చూడలేదని పక్క మంచం అతని భార్య చెప్పింది.

మా ఆయనకి మతి పోవడమేమిటి. బతుకంతా మరమగ్గాల షెడ్డులో చేసినవాడు. ఏ మగ్గం మీద ఏ పోగు తెగబోతోందో దూరం నుంచి చూసి చెప్పేవాడు. పడిపోయిన రోజు పొద్దున కూడా కూర తరిగిచ్చాడు, ముక్క ముక్కకి తేడా లేదు.

డాక్టరు మతి పరీక్ష పెట్టాడు. ఇవాళ ఏ వారం అని అడిగితే మా ఆయన "నిద్ర బాగానే పట్టిందండి" అన్నాడు. ఇది ఏ నెల అంటే "విరేచనం పొద్దున్నే అయిందండి, సాఫీగానే" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. పక్కనున్న మా అబ్బాయి తల దించుకున్నాడు. ఆయన వేళాకోళానికి అన్నాడని నేను డాక్టరుకి చెప్పాను. మా ఆయనకి వేళాకోళం ఎక్కువ.

మామయ్య ఎప్పుడు వేళాకోళం ఆడారు అత్తయ్యా అని కోడలు అడుగుతోంది. నిన్ను అడగలేదు, రాయి.

అప్పుడు నేను వరండాలో నిలబడి నాలుగు మాటలు అన్నాను. నాలుగే. వాచ్‌మన్ వచ్చాడు. బయటికి గెంటుతాడేమో, గెంటనీ చూద్దాం అనుకున్నాను. అతను నెమ్మదిగా, ఇక్కడ అరిస్తే గోడలు వింటాయి, వినేవాళ్ళు కింద ఉన్నారు అని చెప్పి మెట్ల పక్కన ఒక గదికి తీసుకెళ్ళాడు. బయట విరిగిన చక్రాల కుర్చీలు పేర్చి ఉన్నాయి. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక నడివయసు ఆవిడ. రోగుల సలహా గదట. చికిత్స సంగతిలో మన మాట ఆస్పత్రికి, ఆస్పత్రి మాట మనకి అర్థమయ్యేలా చేరవెయ్యడం ఆవిడ ఉద్యోగమట.

నీకు జీతం ఎవరిస్తారమ్మాయ్ అని అడిగాను. ఆస్పత్రే అంది. మరి నువ్వు నా తరఫున ఎలా మాట్లాడతావన్నాను. దాపరికం లేకుండా, నేను వాళ్ళ మనిషిని కాదని చెప్పను, కానీ మీ మాట మధ్యలో ఎక్కడా ఆగిపోకుండా చూస్తాను, చూడకపోతే పైన ఎవరికి చెప్పుకోవాలో కూడా నేనే చూపిస్తాను అంది. జవాబు నచ్చింది. నచ్చినట్టు కనబడనివ్వలేదు.

జరిగినదంతా చెప్పాను. ఆవిడ అడ్డు రాకుండా విని చివర ఒకటే అడిగింది.

"ఇదంతా జరిగింది. సరే పెద్దమ్మా, ఇప్పుడేం జరగాలి?"

నా దగ్గర కోపం గంపెడు ఉంది. ఏం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. ఆయన ఇంటికి రావాలి అన్నాను. ఆవిడ తలూపి, ఆయన్ని ఎవరైనా అడిగారా అంది.

ఎవరూ అడగలేదు. నేను కూడా.

రోజూ జరిగింది ఎవరిచేతైనా రాయించుకోమని ఆవిడే చెప్పింది. ఎవరికీ చూపించక్కర్లేదట. కోపంలో ఉన్నవాళ్ళకి ముందుది వెనక, వెనకది ముందు అయిపోతుందట. అందుకే ఇది.

జూన్ 4, మంగళవారం

వార్డులో అంటు దగ్గు తిరుగుతోంది, ఇంకా తగ్గలేదు. అందరికీ మాస్కులే. డాక్టరుకి, సిస్టర్లకి, ఊడ్చే మనిషికి కూడా కళ్ళు తప్ప మొహం లేదు. మంచం దగ్గరికి పోగానే నా మాస్కు గడ్డం కిందికి లాగేశాను. సిస్టరు చూసి పైకి పెట్టుకోమంది. మూతికి గుడ్డ కట్టుకుని మొగుడితో మాట్లాడే ఆచారం మా ఇంట్లో లేదని చెప్పాను. రోజూ ఇదే గొడవ. కాస్త దూరంగా అయినా కూర్చోండి అని వదిలేసింది. నాకు దూరమైతే ఏంటి, మంచం కాళ్ళ వైపు కూర్చున్నా మా మాటలు మాకు సాగుతాయి.

ఇంటికొస్తావా అని అడిగాను.

"మరి నువ్వే కదా ఒప్పుకున్నావు" అన్నాడు.

ఏం ఒప్పుకున్నానంటే, మొన్న నువ్వు, మన అబ్బాయి, డాక్టరు ముగ్గురూ నా కాళ్ళ దగ్గర నిలబడి మూతులు కట్టుకుని తలలూపారు, నన్ను ఎక్కడికో పంపించడానికే కదా అన్నాడు. ఇంటికి వద్దనుకున్నారు కాబోలు, సరే మీ ఇష్టం అని ఊరుకున్నాడట.

నేను తలూపలేదని ఒట్టేశాను. నమ్మాడో లేదో.

ఇంత తిన్నగా మాట్లాడే మనిషికి మతి లేదంటారేమిటి. సిస్టరు ఆయన చెవి దగ్గరికి వచ్చి అరిచి మరీ మాత్ర వేసుకోమంటే మాత్రం గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక్కోసారి మొండితనం. అంతే. ఇంకేం లేదు.

జూన్ 5, బుధవారం

(అత్తయ్య ఇవాళ ఏమీ చెప్పలేదు. నిలయం మంచిదే, గాలీ వెలుతురూ ఉంటాయి అని ఈయన అన్నందుకు ఉదయం నుంచి మాతో మాట్లాడటం లేదు. ఖాళీగా వదలడం ఎందుకని నేనే రాశాను. – కోడలు)

జూన్ 6, గురువారం

నిన్నటిది చదివించుకున్నాను. ఉండనీ. చింపొద్దు.

ఇవాళ సలహా గది ఆవిడ వార్డుకి వచ్చింది. రోగి తరఫున మాట్లాడాలంటే రోగి సరేననాలట, పెళ్ళాం చెబితే చాలదట. మాస్కు కట్టుకునే ఉంది. మంచం పక్కన కూర్చుని ఆయన్ని మర్యాదగా అడిగింది, మీ తరఫున నేను మాట్లాడవచ్చా అని.

"బాగానే తిన్నానమ్మా" అన్నాడు ఆయన.

ఆవిడ ముందైనా బుద్ధిగా ఉండకూడదా అని విసుగొచ్చి, మాస్కు కిందికి లాగి, ఆవిడ మన తరఫున డాక్టర్లతో మాట్లాడతానంటోంది, సరేనా అని అడిగాను.

"మాట్లాడమను. మనకింకెవరున్నారు" అన్నాడు వెంటనే.

ఆవిడ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. నేనడిగితే ఒకలా, మీరడిగితే ఒకలా చెప్పారేంటి అంది. పెళ్ళాన్ని కాబట్టి అన్నాను. ఇప్పుడాయనతో ఏమన్నారు పెద్దమ్మా అంది. పక్కనే ఉన్నావుగా, వినలేదా అన్నాను.

"లేదు. మీ పెదాలు కదిలాయి. గొంతు రాలేదు."

నాకు ఒళ్ళు మండింది. నా గొంతు మూడు వీధుల అవతలికి వినబడుతుందని మా వాడకట్టంతా చెబుతుంది. ఆవిడ వాదించలేదు. ఒక్కసారి ఆయన తలగడ వెనక్కి వెళ్ళి, ఆయనకి కనబడకుండా, గట్టిగా పిలవమంది.

పిలిచాను. ఆయన దుప్పటి అంచు సర్దుకుంటున్నాడు. మళ్ళీ పిలిచాను, షెడ్డు గేటు దగ్గర పిలిచినట్టు. వార్డంతా తిరిగి చూసింది, ఆయన తప్ప.

మూడోసారి పిలవలేదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా రాయి. నేనూ ఆ షెడ్డులోనే చేశాను. అక్కడ మగ్గాలన్నీ ఒక్కసారి కొట్టుకుంటుంటే గొంతుతో పని జరగదు. చెవిలో అరిచినా ఇంకో చెవికి చేరదు. అందరం పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళం. ఈ చివరి మగ్గం మీద ఉన్నదానికి ఆ చివరి మగ్గం మీద ఉన్నది తన అత్తగారిని ఎలా తిట్టుకుందో పూసగుచ్చినట్టు తెలిసేది. ఆయన నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగింది కూడా అలాగే, నడుమ ఇన్ని మగ్గాలు పెట్టుకుని. నేను సరే అన్నదీ అలాగే. పెళ్ళయ్యాక ఇంట్లో కూడా ఆయనతో అదే అలవాటైపోయింది. లోకంతో గొంతు, ఆయనతో పెదాలు. నాకే తెలియలేదు. మనం ఊపిరి తీసుకోవడం మనకి తెలుస్తుందా.

ఆయనకి ఎదురుగా వచ్చి, నీకు వినబడదా అని అడిగాను.

కాస్త ఆలోచించి, "షెడ్డు మానేశాక లోకమే నెమ్మదించిందనుకున్నానే" అన్నాడు.

జూన్ 6, మళ్ళీ

మతి పోలేదు.

జూన్ 7, శుక్రవారం

కోడలికి నిన్న రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. ఇవాళ టీ తాగుతూ చెప్పింది, తను ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో మేమిద్దరం పోట్లాడుకుని మాటలు మానేశామనుకుందట. నేను ఊరికే పెదాలు కదుపుతుంటే తననే లోలోపల తిట్టుకుంటున్నాననుకుని చాలాకాలం భయపడిందట. అడగొచ్చుగా అన్నాను. మిమ్మల్నా అంది. ఇద్దరం నవ్వుకున్నాం. అన్ని రోజుల తర్వాత నవ్వు కాబట్టి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. నవ్వుకే వచ్చాయి.

ఆస్పత్రిలో కనబడినవాళ్ళందరికీ మా ఆయనకి చెవుడు అని చెప్పాను. వాచ్‌మన్‌కి, ఊడ్చే మనిషికి, లిఫ్టు దగ్గర ముక్కూ మొహం తెలియనివాళ్ళకి. పిల్లాడు పుట్టాడని చెప్పినట్టు చెప్పాను. ఒకావిడ అయ్యో పాపం అంది. పాపం నీకేం తెలుసమ్మా అన్నాను.

జూన్ 10, సోమవారం

డాక్టరు అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. చెవుడు ఉంటే ఉండవచ్చు, మతిమరుపు కూడా ఉండవచ్చు, రెండూ కలిసి ఉన్నవాళ్ళు చాలామంది అన్నాడు. అదీ నిజమేనట, సలహా గది ఆవిడ కూడా కాదనలేదు. ఇలాంటివి నిజం కాకపోతే తిట్టడానికి ఎంత సులువు. చెవి పరీక్షకి వచ్చే నెలగానీ వరస రాదట. నిలయంలో మంచం మాత్రం బుధవారం దాటితే ఇంకొకరికి పోతుందట. మావాడు డాక్టరు పక్కన నిలబడి, అమ్మా రేపు నాన్నకి ఇంట్లో ఏమన్నా అయితే అన్నాడు. వాడికి భయం. లారీ డిపోలో పగలూ రాత్రీ డ్యూటీలు, ఇంట్లో ఉండడు. వాణ్ణి తిట్టబోయి ఆగాను.

మాస్కు తీసి మళ్ళీ పరీక్ష పెట్టమన్నాను. దగ్గులు తిరుగుతున్న వార్డులో తియ్యకూడదు, రూలు, నా కోసం కాదు ఆ మంచాల మీద ఉన్నవాళ్ళ కోసం అన్నాడు.

సలహా గదిలో కూర్చుని ఇక అంతేనా అన్నాను. ఆవిడ పెన్నుతో బల్ల మీద కొడుతూ, ఎంత దూరం నుంచి చదవగలరు ఆయన అని అడిగింది. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి అన్నాను.

"మధ్యలో గాజు ఉంటే?"

గాజైతే ఏంటి, కనబడితే చాలు అన్నాను. అప్పటికీ ఆవిడ ఏం ఆలోచిస్తోందో నాకు తట్టలేదు.

జూన్ 12, బుధవారం

వార్డు చివర బాల్కనీ ఉంది. దానికి నిలువెత్తు గాజు తలుపు. సలహా గది ఆవిడ అందరినీ అక్కడికి చేర్చింది. మా ఆయన చక్రాల కుర్చీలో లోపలి వైపు. పక్కన నేను, మావాడు, సిస్టరు, సలహా గది ఆవిడ. నేను ఒక్క పెదవి కదపకూడదని నాకు ముందే ఆజ్ఞ. జవాబులు సిస్టరు కాగితం మీద రాసి గాజులోంచి డాక్టరుకి చూపించాలట. డాక్టరు బాల్కనీలోకి వెళ్ళి తలుపు మూసి, ఎండలో నిలబడి మాస్కు తీశాడు.

చిన్నవాడు. మావాడికంటే చిన్నవాడు. ఇన్నాళ్ళూ నేను తిట్టుకున్నది ఎవరినో.

డాక్టరు అవతలి నుంచి ప్రశ్న అడిగాడు. మాకు గాజు ఇవతల ఏమీ వినబడలేదు, నోరు కదలడం తప్ప. మా ఆయన మాత్రం ముందుకు వంగి, "బుధవారం" అన్నాడు.

డాక్టరు మళ్ళీ కదిపాడు. "జూన్." మళ్ళీ. "రెండో అంతస్తు. లిఫ్టులో తెచ్చారు, ఆ రోజు అది పాడై మధ్యలో ఆగింది కూడా." సిస్టరు అవును, ఆగింది అంది పైకే.

అంకెలు వెనక్కి చెప్పమన్నట్టున్నాడు, మా ఆయన చెప్పుకుంటూ పోయాడు. ఆపమని చెయ్యెత్తేదాకా ఆపలేదు. వినబడేవి జవాబులే, ప్రశ్నలు ఒక్కటీ వినబడవు. మావాడు నా భుజం పట్టుకున్నాడు.

తర్వాత ఏవో మూడు మాటలు గుర్తుపెట్టుకుని తిరిగి చెప్పాలట. మా ఆయన "గొడుగు, తాళం" అని ఆగిపోయాడు. డాక్టరు ఎదురుచూస్తున్నాడు. మా ఆయన చెయ్యి ఊపి, మావైపు తిరిగి అన్నాడు.

"మూడోది చెప్పేటప్పుడు తల పక్కకి తిప్పాడు. తిన్నగా చూసి చెప్పమనండి. మీసం కూడా కాస్త కత్తిరించుకోమనండి, పై పెదవి సగం అందులోనే పోతోంది."

సలహా గది ఆవిడ తలుపు ఓరగా తీసి ఉన్నదున్నట్టు చెప్పింది, మీసం మాటతో సహా. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి. మీసం వేలితో పైకి నొక్కిపట్టి మళ్ళీ చెప్పాడు.

"గుర్రం" అన్నాడు మా ఆయన.

డాక్టరు మాస్కు పెట్టుకుని లోపలికి వచ్చాడు. ఏమంటాడా అని చూస్తున్నాం. నా వంక కాదు, మా ఆయన వంక తిరిగి, మాస్కు కట్టుకున్నానన్న సంగతి మర్చిపోయి ఏదో చెప్పబోయి, ఆగి, నాతో అన్నాడు.

"నిలయం వద్దు. ఇంటికి పంపుదాం. ముందు నడిపించాలి. ఆయనకి మీరు చెప్పండమ్మా, మీ పద్ధతిలో."

నేను చెప్పాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మూసుకుంటే ఇంకేం చెప్పను. తెరిచేదాకా నిలబడ్డాను.

జూన్ 13, గురువారం

హాయిగా పట్టింది నిద్ర. రాయడానికి ఇంకేం లేదు.

జూన్ 18, మంగళవారం

నడక నేర్పే అతను మొదట్లో చెప్పినట్టు చెయ్యడని వదిలేసినవాడే. ఇప్పుడు నేను ఎదురుగా నిలబడి అతను చెప్పేది పెదాలతో అందిస్తున్నాను. కుడికాలు ముందుకి, కర్ర ముందు, తర్వాత కాలు. ఇవాళ మంచం నుంచి గాజు తలుపు దాకా నడిచాడు. మధ్యలో ఆగి, అతను చెప్పినదానికంటే నువ్వు రెండు మాటలు ఎక్కువ చెబుతున్నావే అన్నాడు. చెబుతున్నాను మరి. అతను చెప్పేది చాలీచాలకుండా ఉంటే నేనేం చెయ్యను.

మంచం తల దగ్గర బొమ్మ అంటించారు, చెవి బొమ్మ. మాస్కు కట్టినవాళ్ళు భుజం తట్టి, నాకో మావాడికో చెప్పి, ఆ తర్వాతే ఏదైనా చెయ్యాలని దాని అర్థమట. పరీక్ష అయి చెవి మిషను వచ్చేదాకా వాడుకోమని ఒక చిన్న పెట్టె ఇచ్చారు. మెడలో వేసుకుని, తీగ చెవిలో పెట్టుకుంటే మన మాట పెద్దదై వినబడుతుందట. మా ఆయన రెండు నిమిషాలు పెట్టుకుని తీసేశాడు. సిస్టరు చెంచా పడేస్తే చెంపమీద కొట్టినట్టుందట.

సలహా గదికి వెళ్ళి ఇంక తిట్టాలి అన్నాను. ఎవరిని అంది. అందరినీ. మూతులు కట్టుకుని మనిషికి మతి లేదని రాసిపడేసినందుకు. ఫిర్యాదు చెయ్యడం మీ హక్కు, నేనే దగ్గరుండి రాస్తాను, ఇలా ఇంకొకరికి జరగకుండా రాయాల్సిందే కూడా, కానీ ఆయన్ని ఇంటికి చేర్చుకున్నాక రండి, కోపం పాడయ్యే సరుకు కాదు పెద్దమ్మా, నిల్వ ఉంటుంది అంది.

ఆవిడ గది బయట ఒకాయన కూర్చుని ఉన్నాడు, కాళ్ళూపుతూ, ఎవరినో పళ్ళ బిగువున తిట్టుకుంటూ. లోపలికి వెళ్ళండి, వింటుంది అని చెప్పి వచ్చాను.

జూన్ 25, మంగళవారం

ఇంటికి తెచ్చుకున్నాం. మావాడు డ్యూటీ మార్చుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర వాళ్ళ నాన్న ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా నెమ్మదిగా, నోరు బాగా తెరిచి, నన్ను క్షమించు నాన్నా అన్నాడు. ఆయన చూసి, "నోరు అంత తెరవక్కర్లేదురా, పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినట్టుంది" అన్నాడు.

ఇది వేళాకోళమే. కోడలు రాసుకోవాలి.

జూన్ 27, గురువారం

పొద్దున మా ఆయన తనంతట తానే ఆ పెట్టె తీసి మెడలో వేసుకున్నాడు. అలవాటు చేసుకోవాలి కదా అన్నాడు. కుర్చీ ముందుగదిలో వేసుకుని కూర్చున్నాడు. నేను వంటింట్లో గోడ వైపు తిరిగి టీకి నీళ్ళు పెట్టాను. ఇన్నేళ్ళుగా ఆయనకి ఏం చెప్పాలన్నా చేతిలో పని వదిలి, వెళ్ళి, ఎదురుగా నిలబడేదాన్ని. ఇవాళ వెళ్ళలేదు. వెళ్ళకుండా ఉండటానికి ఎంత బిగపట్టుకున్నానో. ఆయనతో గొంతుతో మాట్లాడాలంటే కొత్త పెళ్ళికూతురిలా సిగ్గేసింది. గోడకి చెప్పినట్టు, గొంతుతో, చక్కెర ఎంత వెయ్యను అన్నాను.

"తక్కువ వెయ్యి" అని వినబడింది వెనకనుంచి.

నేను తిరగలేదు. మళ్ళీ అడిగాను.

"చెప్పానుగా, తక్కువ వెయ్యమని. చెవుడు నీకా నాకా" అని విసుక్కున్నాడు.

నీళ్ళు మరుగుతున్నాయి. మూడోసారి కూడా అడిగాను.